కెంటకీలో బెరియా కాలేజీ: ఫీజే లేదంటున్నారు, నమ్మొచ్చా?

పల్నాటి_మాస్టారు
మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ. ఇంజనీరింగ్ వద్దు నాన్నా, లిబరల్ ఆర్ట్స్ కాలేజీలో అయితే కంప్యూటర్సూ చరిత్రా రెండూ చదువుకోవచ్చు అంటోంది. అమెరికాలో కెంటకీ రాష్ట్రంలో బెరియా కాలేజీ అని ఒకటుందట. ట్యూషన్ ఫీజు అసలు ఉండదట, పిల్లలంతా కాలేజీలోనే ఏదో ఒక పని చేయాలట. నేను నరసరావుపేట దగ్గర ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతాను. నా జీతానికి అమెరికా అనే ఆలోచనే ఎప్పుడూ రాలేదు. మా బావమరిది వాళ్ల వెబ్‌సైటు చూసి, "అక్కడ పిల్లలు చీపుర్లు కడుతున్నారు బావా, ఆ పనికి అంత దూరం పంపాలా" అని నలుగురిలో నవ్వాడు. పిల్ల మొహం మాడిపోయింది. ఇంకో పక్క ఒక కన్సల్టెన్సీ వాళ్లు, సీటు మేం ఇప్పిస్తాం, రెండు లక్షలు కట్టండి అంటున్నారు. ఫీజు లేని కాలేజీకి రెండు లక్షలెందుకో నాకు అంతుపట్టడంలేదు. తెలిసినవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి, మంచైనా చెడైనా.

నిద్రపోని_అమ్మ
ముందు ఆ కన్సల్టెన్సీ వాళ్లకి ఒక్క రూపాయి ఇవ్వకండి. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

డాలస్_బాబాయ్
ఇరవై ఏళ్లుగా ఇక్కడుంటున్నా, ఈ పేరు నా చెవిన పడలేదు. ఊరికే వచ్చేదాంట్లో ఎక్కడో మెలిక ఉంటుంది. పిల్లల చేత పనిచేయించుకుని చదువు అంటే నాకు అనుమానమే.

లెక్సింగ్టన్_లక్ష్మి
మోసం కాదు మాస్టారూ. మా ఊరి నుంచి ఐ-75 హైవే మీద దక్షిణంగా నలభై మైళ్లు పోతే వస్తుంది. ఊరి పేరూ బెరియానే. ఇండియా నుంచి చుట్టాలొస్తే నేను తప్పకుండా తీసుకెళ్లి చూపిస్తాను. 1909లో మొదలైన బూన్ టావర్న్ అనే హోటల్ ఆ కాలేజీదే. మనకి గది తాళం ఇచ్చేదీ, భోజనం వడ్డించేదీ అక్కడి విద్యార్థులే. నేత, చెక్కపని, చీపుర్ల శాలలు కూడా కాలేజీవే. చీపుర్లు కట్టడం 1920 నుంచీ నడుస్తోంది. జొన్నజాతి మొక్క కంకులకి రంగులు వేసి, కర్రకి బిగించి, దారంతో కుడతారు. అంత అందంగా ఉన్నదాంతో ఇల్లు ఊడ్వబుద్ధి కాదు, మా ఇంట్లో గోడకి తగిలించాం.

ట్యూషన్ ఫీజు సంగతి: 1892 నుంచీ ఏ ఒక్కరి దగ్గరా తీసుకోవడంలేదు. బాగా చదివేవాళ్లకి ఇచ్చే రాయితీ కాదది. చేరిన ప్రతి ఒక్కరికీ ఒకటే పద్ధతి. అలాగే ప్రతి ఒక్కరూ వారానికి కనీసం పది గంటలు పనిచేయాలి. అందరూ చీపుర్లే కడతారనుకోకండి, విద్యార్థులు దాదాపు పదిహేను వందల మంది ఉంటారు. లైబ్రరీ, ల్యాబులు, పొలం, వంటశాల, కంప్యూటర్ విభాగం, ఆఫీసులు, అన్నిచోట్లా వాళ్లే. చిన్నపాటి జీతం కూడా ఇస్తారు.

డాలస్_బాబాయ్
లక్ష్మిగారూ, మరి ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద వచ్చిన పిల్లలు పనిచేయకూడదు కదా?

లెక్సింగ్టన్_లక్ష్మి
క్యాంపస్ బయట అనుమతి లేకుండా కూడదు. లోపల అయితే చదువు రోజుల్లో వారానికి 20 గంటల దాకా చేసుకోవచ్చు. బెరియా పనంతా లోపలి పనే.

చరిత్ర_లెక్చరర్
ఈ కాలేజీ పేరు మన ఫోరంలో కనబడటం నాకు చాలా సంతోషంగా ఉంది. డిగ్రీ పిల్లలకి అమెరికా చరిత్ర చెప్పేటప్పుడు నేను ఒక క్లాసంతా దీనికే ఇస్తాను. ఓపిగ్గా చదవండి, మాస్టారి బావమరిదికి జవాబు ఇందులోనే ఉంది.

అప్పట్లో కెంటకీలో బానిసత్వం చట్టబద్ధం. అక్కడే పుట్టిన జాన్ ఫీ అనే పాదరీ బానిసత్వం పాపమని నడిబజారులో చెప్పేవాడు. కన్నతండ్రే బానిసల యజమాని, ఆయనతోనూ తెగిపోయింది. కాషియస్ క్లే అనే భూస్వామి రాజకీయంగా బానిసత్వానికి వ్యతిరేకి. ఆయన ఇచ్చిన స్థలంలో 1855లో ఫీ ఒక ఒంటిగది బడి పెట్టాడు. అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయంలో బెరయ పట్టణం ఉంది కదా, ఆ పేరే పెట్టుకున్నాడు. అదే అధ్యాయంలో దేవుడు జనులందరినీ ఒకే రక్తం నుంచి చేశాడన్న మాట ఉంది. ఈనాటికీ కాలేజీ ధ్యేయవాక్యం అదే.

1859లో బానిసత్వాన్ని ఆయుధాలతో ఎదిరించిన జాన్ బ్రౌన్ హార్పర్స్ ఫెర్రీ ఆయుధాగారం మీద దాడి చేశాక, బానిసల యజమానులు భయంతో రెచ్చిపోయారు. ఆయుధాలతో వచ్చి ఫీనీ, టీచర్లనీ కుటుంబాలతో సహా రాష్ట్రం వదిలిపొమ్మన్నారు. పోవలసి వచ్చింది. అంతర్యుద్ధం రోజుల్లో ఫీ క్యాంప్ నెల్సన్ అనే సైనిక శిబిరానికి వెళ్లి, నల్లజాతి సైనికులకీ వాళ్ల భార్యాబిడ్డలకీ చదువు చెప్పాడు. ఆ తర్వాత వాళ్లలో కొన్ని కుటుంబాలు బెరియాకి వచ్చి స్థిరపడ్డాయి.

యుద్ధం అయ్యాక 1866లో బడిలో ఉన్నది 187 మంది: నల్లజాతివాళ్లు 96, తెల్లవాళ్లు 91. ఒకే గది, ఆడా మగా కలిసి. రాష్ట్రంలో బానిసత్వం చట్టప్రకారం పోయింది 1865 డిసెంబరులో! అంటే అంతకు ముందరి ఏడాది వరకూ అమ్మకానికి పెట్టిన మనిషి, ఈ ఏడాది తెల్లపిల్లవాడి పక్కన కూర్చుని అక్షరాలు దిద్దుతున్నాడు. కాలేజీ పట్టాలు 1873 నుంచీ ఇచ్చారు. జూలియా బ్రిటన్ అనే నల్లజాతి యువతి 1870ల మొదట్లోనే అక్కడ తెల్లపిల్లలకి సంగీతం నేర్పింది.

గోదారి_గట్టు
కాషియస్ క్లే అంటే బాక్సింగ్ మహమ్మద్ అలీ అసలు పేరు కాదుటండీ? ఆయనా కెంటకీ మనిషే కదా.

చరిత్ర_లెక్చరర్
అదే పేరు. ఈ భూస్వామి గౌరవార్థం అలీ తండ్రికి పెట్టారు, తండ్రి పేరే కొడుక్కి వచ్చింది. అలీది లూయివిల్.

నల్లగొండ_నవీన్
లెక్చరర్ సాబ్ చెప్పింది మంచిగనే ఉంది గని, సగం దగ్గరనే ఆపిండు. 1904ల ఏమైందో గూడ చెప్పాలె గద. డే లా అనే చట్టం వచ్చి నల్లపిల్లలను ఎల్లగొట్టలే? గప్పుడు ఈ "ఒకే రక్తం" ఏడికి పోయింది?

చరిత్ర_లెక్చరర్
అక్కడికే వస్తున్నా నవీన్. కార్ల్ డే అనే శాసనసభ్యుడు తెచ్చిన చట్టం అది. రెండు జాతుల పిల్లలకీ ఒకే బడిలో చదువు చెబితే నేరం, విడిగా శాఖ పెట్టినా పాతిక మైళ్ల దూరంలో ఉండాలి. కెంటకీ మొత్తంలో కలిసి చదువుకుంటున్న కాలేజీ బెరియా ఒక్కటే, కాబట్టి అది ఎవరి మీద గురిపెట్టి చేశారో అడగక్కర్లేదు. కాలేజీ ఒప్పుకోలేదు, వెయ్యి డాలర్ల జరిమానా పడింది, సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1908లో కోర్టు రాష్ట్రం వైపే తీర్పిచ్చింది. కాలేజీ అనేది రాష్ట్రం ఇచ్చిన అనుమతితో పుట్టిన సంస్థ, ఆ అనుమతిని మార్చుకునే హక్కు రాష్ట్రానికి ఉంది అంటూ అసలు ప్రశ్నని పక్కకి నెట్టేసింది. జస్టిస్ హార్లన్ మాత్రం గట్టిగా విభేదించాడు. ఆయనా కెంటకీవాడే.

ఇష్టపడి కలిసి చదువుకుంటున్నవాళ్లని చట్టంతో విడదీసిన కథ ఇది. పాఠం చెప్పేటప్పుడు ఇక్కడికొచ్చేసరికి క్లాసులో చప్పుడుండదు. తర్వాత బెరియా నిధులు సేకరించి, లూయివిల్ దగ్గర లింకన్ ఇన్‌స్టిట్యూట్ పెట్టించింది, 1912లో మొదలైంది. 1950లో చట్టాన్ని సడలించగానే మళ్లీ నల్లజాతి విద్యార్థుల్ని చేర్చుకుంది.

నల్లగొండ_నవీన్
చట్టం సంగతి ఒప్పుకుంటా. గని చట్టం రాకముందే బెరియా మారుడు మొదలువెట్టింది. విలియం ఫ్రాస్ట్ అని ప్రెసిడెంటు 1892ల వచ్చిండు, 1920 దాక ఉన్నడు. ఆయన చూపంత అప్పలాచియా కొండల్ల ఉన్న పేద తెల్లోళ్ల మీదనే. ఉత్తరాది దాతలకు గా కథ మస్తు నచ్చింది, పైసలొచ్చినయ్. నల్లపిల్లల వాటా తగ్గుకుంట వచ్చింది. ఒకప్పుడు సగానికంటె ఎక్కువున్నోళ్లు చట్టం వచ్చేనాటికి చిన్న భాగమైన్రు. గప్పటి నల్లజాతి పూర్వవిద్యార్థులు ఆయన మీద మస్తు కోపానికొచ్చిన్రు. గిది గూడ కాలేజీ చరిత్రనే. మంచిది ఒక్కటే చెప్తే పిల్లకు అన్యాయం.

చరిత్ర_లెక్చరర్
ఒప్పుకుంటాను, ఇది చెప్పాల్సిందే. ఒక్క మాట చేరుస్తా: ఆ కొండప్రాంతాల పేదరికం కల్పన కాదు. రోడ్డు లేదు, బడి లేదు, తర్వాత బొగ్గు గనుల యజమానుల చేతిలో పడ్డారు. వాళ్లకీ చదువు కావాలి. కానీ వాళ్లకోసమని వీళ్లని పక్కకి జరపడం ఫీ మొదలుపెట్టిన పని కాదు. ఆ వాదన ఆ కాలేజీలో ఈనాటికీ జరుగుతూనే ఉంది, క్లాసులోనే జరుగుతుంది.

ఇంకో పేరు. చట్టం రావడానికి సరిగ్గా ఏడాది ముందు, 1903లో బెరియా పట్టా అందుకున్నవాడు కార్టర్ వుడ్‌సన్. తల్లిదండ్రులు బానిసలుగా బతికినవాళ్లు, తను వెస్ట్ వర్జీనియా బొగ్గుగనుల్లో పనిచేశాడు. 1912లో హార్వర్డ్ డాక్టరేట్ తీసుకున్నాడు. 1926లో ఆయన మొదలుపెట్టిన వారోత్సవమే ఇప్పుడు అమెరికా అంతా ఫిబ్రవరిలో జరుపుకునే నల్లజాతి చరిత్ర మాసం. మాస్టారూ, మీ అమ్మాయికి చరిత్ర ఇష్టమన్నారు కదా, ఈయన గురించి చదవమనండి.

పల్నాటి_మాస్టారు
చదివి వినిపించాను. మొత్తం మళ్లీ తనే తీసుకుని చదువుకుంది. చాలా కృతజ్ఞతలు. ఫ్రాస్ట్ గురించి నవీన్‌గారు చెప్పిందే తనకి ఎక్కువ ఆసక్తిగా ఉందట.

మగ్గం_మనవరాలు
లక్ష్మిగారు నేత శాల అన్నారు కాబట్టి వచ్చాను. మాది మంగళగిరి, మా తాతయ్య చివరిదాకా గుంటమగ్గం మీదే నేశాడు. బెరియాలో నేత ఎలా మొదలైందో చదివి నేను చాలాసేపు ఆలోచించాను. నవీన్‌గారు చెప్పిన ఆ ఫ్రాస్టే కొండల్లోకి వెళ్లినప్పుడు, ప్రతి ఇంట్లో ఆడవాళ్లు చేత్తో వడికి నేసిన దుప్పట్లు చూశాడు. పిల్లల చదువు ఖర్చులకి డబ్బు లేని తల్లులు ఆ దుప్పట్లే కాలేజీకి తెచ్చి ఇచ్చేవాళ్లు. కాలేజీ వాటిని ఉత్తరాది నగరాల్లో అమ్మేది. తర్వాత విద్యార్థులకే నేర్పించే శాల అయింది. కొడుకుని చదివించడానికి మగ్గం మీద బట్ట కోసి ఇచ్చిన తల్లి కెంటకీలోనూ ఉందన్నమాట. మా నాన్న డిగ్రీ ఫీజు అలాగే కట్టారు, చీరలతో.

కాబట్టి చేతిపని అని నవ్వేవాళ్లని నవ్వనివ్వండి మాస్టారూ. ఆ కాలేజీలో మగ్గం ఉండటమే నాకు దాని మీద గౌరవం.

డాలస్_బాబాయ్
అమ్మా, నేను నవ్వడంలేదు. నా బాధ వేరు. నేత నేర్చుకుంటూ చరిత్ర చదివితే చివర్లో ఉద్యోగం ఎవరిస్తారు? మాస్టారి ఇంటి పరిస్థితికి ముందు స్థిరపడటం ముఖ్యం కదా. ఇంజనీరింగ్ లేని కాలేజీకి పంపి, నాలుగేళ్లయ్యాక చూస్తే?

ఓహియో_ఓబులేసు
దీనికి నేను చెప్తా. పీహెచ్‌డీ రోజుల్లో నా రూమ్మేటు బెరియావాడు. తూర్పు కెంటకీ బొగ్గు గనుల కౌంటీ నుంచి వచ్చినాడు, వాళ్లింట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి. ఫిజిక్సులో మా అందరికంటే వాడి రాత బాగుండేది. పేపరు రాయాల్సి వస్తే మేమంతా వాడి చుట్టూ చేరేవాళ్లం. ఎట్ల వచ్చిందిరా ఇది అంటే, మొదటి ఏడాదే రాత మీద సెమినారు కోర్సులు ఉంటాయట, ఏ సబ్జెక్టు వాడైనా సరే తప్పవు. చదివి, వాదించి, రాసి, దిద్దించుకుని, మళ్లీ రాయాల. క్లాసులో చాలా తక్కువ మంది, పదిమందికి ఒక అధ్యాపకుడు లెక్కన ఉంటారు. వెనక బెంచీలో దాక్కునేదానికి వీలుండదు.

పని గురించి కూడా చెప్పేవాడు. మొదటి ఏడాది గిన్నెలు కడిగే డిష్ రూములో వేసినారంట, తర్వాత ఫిజిక్స్ ల్యాబులో పరికరాలు చూసుకునే పని దొరికింది. పనికి కూడా పైవాళ్లు మార్కులు వేస్తారు, చదువు మార్కుల పట్టిక మాదిరే పనికి ఇంకొకటి ఉంటుంది. పని ఎగ్గొడితే పరీక్ష ఎగ్గొట్టినంత పని అవుతుంది. వాడికి చదువుకన్నా ఆ టైం సర్దుకోవడమే కష్టమైందంట. వారానికి పది గంటలు అంటే వినడానికి తక్కువే, ల్యాబ్ రిపోర్టులు పైన పడినప్పుడు తెలుస్తుంది. మీ పాప ఇది తెలిసి పోవాల.

బాబాయ్, కంప్యూటర్ సైన్స్ ఉంది అక్కడ. నర్సింగ్ ఉంది. ఇంజనీరింగ్ టెక్నాలజీ కూడా ఉంది. మన బీటెక్ మాదిరి ఒక బ్రాంచిలో పడేసి తలుపు వేసేయరు, అంతే తేడా.

ఎల్‌సీఎంఎస్_రాజు
ఉద్యోగాల మాట వచ్చింది కాబట్టి. నేను హైదరాబాదులో ఫార్మా కంపెనీలో అనలిటికల్ ల్యాబులో పనిచేస్తాను. అణువుల బరువు తూచే మా మాస్ స్పెక్ట్రోమీటరు మీద రోజూ నడిపేది ఎలక్ట్రోస్ప్రే అయనైజేషన్, మేం ఈఎస్ఐ అంటాం. మందు ద్రావణాన్ని సన్నటి సూది గుండా విద్యుత్ ఇచ్చి తుంపరగా చల్లితే, అణువులు విరిగిపోకుండా అయాన్లుగా మారతాయి. అప్పుడే బరువు తూచగలం. ప్రోటీన్ల లాంటి పెద్ద అణువుల్ని ఇలా తూచొచ్చని చూపించినందుకు 2002లో కెమిస్ట్రీ నోబెల్‌లో వాటా అందుకున్న జాన్ ఫెన్ బెరియా విద్యార్థే! 1937లో డిగ్రీ. అందుకే ఆ ఊరి పేరు నాకు గుర్తు. ఇక్కడి ఫార్మా కంపెనీలుండే జీనోమ్ వ్యాలీలో ఈఎస్ఐ లేని ల్యాబు వెతకాలి. బాబాయ్‌గారూ, చీపుర్ల కాలేజీలో చదివినాయన పద్ధతి మీద ఇక్కడ ఎన్ని ఇళ్లు నడుస్తున్నాయో చూడండి.

డాలస్_బాబాయ్
ఇది మాత్రం నాకు తెలియదు. సరే, ఒక మెట్టు దిగుతున్నా. కానీ నోబెల్ ఒక్కరికి వస్తుంది, మిగతా పిల్లల సంగతి అడుగుతూనే ఉంటా.

గోదారి_గట్టు
ఇదంతా చదువుతుంటే మా తాతగారు వారాలు చేసుకుని చదువుకున్న రోజులు గుర్తొచ్చాయండి. సోమవారం కరణంగారింట్లో, మంగళవారం ప్లీడరుగారింట్లో అలా. ఆయన రాజమండ్రిలో అలాగే స్కూలు ఫైనలు పాసయ్యారు. బెరియా కూడా అలాంటి ఏర్పాటే కదండీ, డబ్బులేనివాడు చదువుకోవడానికి.

మగ్గం_మనవరాలు
చిన్న తేడా ఉందండీ. వారాలు దొరకాలంటే ఆ ఇంటివాళ్లు లోపలికి రానివ్వాలి. మా తాతయ్యని ఎవరు కూర్చోబెట్టి పెట్టేవాళ్లు చెప్పండి? ఇక్కడ ఎవరి దయా లేదు. పనిచేస్తారు, అందరూ చేస్తారు, అదే పని.

గోదారి_గట్టు
నిజమేనండి. ఆ వైపు నుంచి నేను ఆలోచించలేదు.

సీఏ_శ్రీనివాస్
మెలిక ఎక్కడుందని మొదట్లో బాబాయ్‌గారు అడిగారు. డబ్బు ఎక్కడినుంచి వస్తుందో చూస్తే తెలుస్తుంది. పిల్లల పనితో కాలేజీ నడవదు, చీపుర్ల అమ్మకంతో అసలే నడవదు. 1920లో వాళ్ల ట్రస్టీలు ఒక నిర్ణయం తీసుకున్నారు: వీలునామాల ద్వారా షరతుల్లేకుండా వచ్చే సొమ్మునంతా ఖర్చు పెట్టకుండా మూలనిధిలో వేయాలి. వందేళ్లుగా అది పెరుగుతూ వచ్చింది, ఇప్పుడు వంద కోట్ల డాలర్లు దాటింది. ఏటా దాని రాబడే కాలేజీ ఖర్చులో పెద్ద భాగం. మిగతాది ప్రభుత్వ సాయాలూ, కొత్త విరాళాలూ.

దీనివల్లే ఒక చిక్కు వచ్చింది. 2017లో అమెరికా కాంగ్రెస్ పెద్ద నిధులున్న ప్రైవేటు కాలేజీల పెట్టుబడి రాబడి మీద 1.4 శాతం పన్ను వేసింది. విద్యార్థులు కనీసం 500 మంది ఉండి, తలకి ఐదు లక్షల డాలర్ల నిధి ఉంటే వర్తించేలా అప్పట్లో పెట్టారు. ధనికుల కాలేజీల కోసం వేసిన వలలో పేదల కాలేజీ పడింది! 2018లో చట్టం సవరించి "ఫీజు కట్టే విద్యార్థులు 500 మంది" అని మార్చారు. బెరియాలో ఫీజు కట్టేవాళ్లే లేరు కాబట్టి బయటపడింది. నా ఇన్నేళ్ల వృత్తిలో ఇంత ముచ్చటైన మినహాయింపు చూడలేదు.

ప్రవాసి_ప్రసాదు
ఈ చర్చ చూసి ఆశ పుట్టింది. మాది విజయవాడలో హోల్‌సేల్ వ్యాపారం. మా వాడికీ ప్రయత్నించొచ్చా? రిటర్నుల్లో ఆదాయం ఎలాగూ తక్కువే చూపిస్తాం. ఇంకొంచెం తగ్గించి సర్టిఫికెట్ తెచ్చుకోవడం కష్టమేమీ కాదు.

నిద్రపోని_అమ్మ
వద్దు ప్రసాదు గారూ. ఆ మాట వెనక్కి తీసుకోండి.

లెక్సింగ్టన్_లక్ష్మి
ఈ కాలేజీలో చేరాలంటే మొదటి అర్హతే డబ్బు లేకపోవడం. బాగా చదివినా, కుటుంబం ఖర్చు భరించగలిగితే తీసుకోరు. సీట్లలో ఎక్కువ భాగం కెంటకీ, అప్పలాచియా పిల్లలకే. విదేశాల వాళ్లకి ఏటా ఇచ్చేవి పదుల్లోనే, ప్రపంచమంతా కలిపి. మీ అబ్బాయి ఒక దొంగ సర్టిఫికెట్‌తో కూర్చుంటే, నేపాల్ నుంచో ఘనా నుంచో మన పల్నాడు నుంచో రావలసిన పిల్ల ఇంట్లో కూర్చుంటుంది. ఇది నాకు నిజంగా కోపం తెప్పిస్తోంది.

ప్రవాసి_ప్రసాదు
అంత పెద్ద మాటలెందుకండీ, అందరూ చేసేదే కదా.

నల్లగొండ_నవీన్
అందరు చెయ్యరు అన్నా. మా అమ్మ బీడీలు చుట్టి నన్ను చదివించింది, స్కాలర్‌షిప్ కాగితాలకు నిజమైన సర్టిఫికెట్ కోసమే ఆఫీసుల చుట్టూ తిరిగింది. గట్ల దొంగ కాగితాలు వెట్టెటోళ్ల వల్లనే మా అసొంటోళ్లను పదిసార్లు అడుగుతరు.

సీఏ_శ్రీనివాస్
వృత్తిపరంగా కూడా చెబుతున్నా, దరఖాస్తులో అబద్ధం రాస్తే చేరాక బయటపడినా సీటు పోతుంది, వీసా పోతుంది. ఆ రాత జీవితాంతం వెంటాడుతుంది. చేయకండి.

నిద్రపోని_అమ్మ
మాస్టారి ప్రశ్నకి వెనక్కి వద్దాం. ట్యూషన్ లేదు సరే, తిండీ గదీ? విమానం?

లెక్సింగ్టన్_లక్ష్మి
విదేశీ విద్యార్థులకి మొదటి ఏడాది గదీ భోజనం కూడా కాలేజీ సాయంలోనే వచ్చేస్తాయి. తర్వాతి ఏళ్లలో కొంత భాగం వాళ్లు దాచుకున్న జీతం నుంచి కట్టాలి, సెలవుల్లో పని దొరుకుతుంది. వీసా ఫీజూ ప్రయాణం ఖర్చూ మీరే చూసుకోవాలి. ఆ ఏటి నియమాలు కాలేజీ అడ్మిషన్ల పేజీలోనే చూసుకోండి, నా మాట మీద కూడా ఆధారపడకండి. దరఖాస్తు నేరుగా కాలేజీకే, మధ్యలో ఎవరికీ పాత్ర లేదు.

పల్నాటి_మాస్టారు
ఇంకో సందేహం. మేం హిందువులం. క్రైస్తవ కాలేజీ కదా, పిల్లని ఇబ్బంది పెడతారా అని వాళ్లమ్మ అడుగుతోంది.

చరిత్ర_లెక్చరర్
పుట్టుక క్రైస్తవమే, కానీ ఏ ఒక్క శాఖకీ చెందకూడదని ఫీ మొదటినుంచీ పట్టుబట్టాడు. ఏ మతం వాళ్లనైనా చేర్చుకుంటారు. క్రైస్తవాన్ని ఒక విషయంగా పరిశీలించే కోర్సు వాళ్ల సాధారణ విద్యలో ఉంటూ వచ్చింది. నమ్మమని అడగరు, చదివి వాదించమంటారు. నల్లజాతి స్త్రీవాద ఆలోచనాపరురాలు బెల్ హుక్స్ తెలుసు కదా, కెంటకీలోనే పుట్టి, పెద్ద పెద్ద నగరాల్లో పాఠాలు చెప్పి, 2004లో బెరియాకి వచ్చేశారు. 2021 డిసెంబరులో కన్నుమూసేదాకా ఆ ఊళ్లోనే ఉన్నారు. బౌద్ధం మీద అంత ఇష్టం ఉన్న మనిషి ఆ కాలేజీని ఎంచుకున్నారంటే అక్కడి గాలి ఎలాంటిదో మీరే ఊహించండి.

లెక్సింగ్టన్_లక్ష్మి
క్యాంపస్‌లో ఫెల్ప్స్ స్టోక్స్ చాపెల్ ఉంది, 1906లో విద్యార్థులే కట్టారు. ఇటుకలు కూడా కాలేజీ బట్టీలో వాళ్లే కాల్చుకున్నారు. ఇప్పుడక్కడ సంగీత కచేరీలూ, బయటి వక్తల ప్రసంగాలూ జరుగుతాయి. ఆ ప్రసంగాలకి వెళ్లడం కూడా చదువులో భాగమే, దానికి మార్కులుంటాయి. ఒకసారి నేనూ వెళ్లి వెనక కూర్చున్నా. ప్రసంగం అయ్యాక పిల్లలు అడిగిన ప్రశ్నలు వక్తకంటే బాగున్నాయి.

డాలస్_బాబాయ్
మాస్టారూ, నేను మొదట అన్నది పక్కన పెట్టండి. పిల్ల వ్యాసం రాస్తే ఇంగ్లీషు తప్పులు చూసిపెడతాను. రాసేది మాత్రం తనే రాయాలి.

ఓహియో_ఓబులేసు
నేను కూడా చూస్తా. ఒక మాట, పేదరికం గురించి ఏడుపుగా రాయొద్దని చెప్పండి. తనకేం తెలుసుకోవాలని ఉందో అది రాయమనండి.

పల్నాటి_మాస్టారు
అందరికీ ఒకేసారి చెబుతున్నాను. అమ్మాయి ఈ చర్చ మొత్తం చదివింది, మా బావమరిదికి కూడా పంపింది. ఆయన ఇంకా ఏమీ అనలేదు. తను అడగమన్న ప్రశ్న ఇది: లైబ్రరీలో పాత ఉత్తరాలూ రికార్డులూ కంప్యూటరెక్కించే పని విద్యార్థులకి ఇస్తారా? ఫ్రాస్ట్ కాలంలో నల్లజాతి పూర్వవిద్యార్థులు రాసిన నిరసనలు చదవాలని ఉందట.

లెక్సింగ్టన్_లక్ష్మి
హచిన్స్ లైబ్రరీలో కాలేజీ పాత రికార్డుల విభాగం ఉంది, విద్యార్థులు పనిచేస్తారు. మొదటి ఏడాది మాత్రం ఎక్కడ వేస్తే అక్కడే, ఓబులేసుగారి రూమ్మేటులాగా. తర్వాత తను అడగొచ్చు. ఈ ప్రశ్ననే వ్యాసంలో రాయమనండి మాస్టారూ, దీనికంటే మంచి విషయం ఏముంటుంది.

నిద్రపోని_అమ్మ
పదుల్లో సీట్లు అన్నారు, మర్చిపోవద్దు. ఈఏపీసెట్ కూడా రాయించండి. డిగ్రీలో చరిత్ర, కంప్యూటర్స్ కలిపి ఇచ్చే కాలేజీలు మన దగ్గర ఏమున్నాయో కూడా చూసి పెట్టుకోండి. ఇది రాకపోతే పిల్ల కుంగిపోకూడదు.

పల్నాటి_మాస్టారు
రాయిస్తున్నానండి. ఆదాయ ధ్రువీకరణకి మొన్ననే సచివాలయంలో దరఖాస్తు పెట్టాను, ఉన్నదున్నట్టే. కన్సల్టెన్సీ వాళ్ల ఫోను ఎత్తడం మానేశాను. వ్యాసం తయారైతే ఇక్కడే చెబుతా.